ఉల్లిపొరలో కనబడని పొర: మా సైన్స్ డే ప్రాజెక్టు డైరీ

జనవరి 20

ఈసారి సైన్స్ డేకి మా తొమ్మిదో తరగతి ఎత్తుకున్న అంశం కణత్వచం, అంటే ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొర. పాఠంలో ప్లాస్మా పొర అని ఉంటుంది, రెండూ ఒకటే. ఎత్తుకున్నామనడం గొప్పకే గానీ, అగ్నిపర్వతం, సౌరకుటుంబం, డ్రిప్ ఇరిగేషన్ మిగతా సెక్షన్ల వాళ్లు ముందే పట్టుకుపోయారు. మాకు మిగిలింది ఇదే.

పిల్లలు అప్పటికే సామాన్ల పట్టీ రాసుకొచ్చారు: థర్మాకోల్ బంతులు 200, తీగ రెండు కట్టలు, ఎర్ర రంగు, పసుపు రంగు. ఒక్కో బంతి పొరలోని కొవ్వు అణువుకు తల, దానికి గుచ్చిన రెండు తీగలు తోకలు. ఒక వరస తలలు పైకి, ఇంకో వరస తలలు కిందికి, తోకలు మధ్యలో. ప్రోటీన్లకు నాలుగు బంగాళదుంపలు. బొమ్మ ప్రకారం తప్పేం లేదు. నాకే మనసొప్పలేదు. ఆ మోడల్ ఎన్నిసార్లు చూసినా గుర్తుండేది థర్మాకోలే. పైగా అది కదలదు. అసలు పొర క్షణం కూడా కుదురుగా ఉండదు.

"ముందు అసలుదాన్ని చూద్దాం, తర్వాత బొమ్మ సంగతి" అని మైక్రోస్కోపు బయటికి తీశాను. అద్దానికి పట్టిన దుమ్ము తుడవడానికే పావుగంట పట్టింది. ఉల్లిగడ్డ లోపలి పొర తీసి స్లైడు మీద పెట్టాం. నేను కడపదాన్ని, మా ఇంట్లో ఎర్రగడ్డే అంటాం. ఇక్కడ ఆ మాట నోట్లోంచి రాగానే వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి. అందుకని కర్నూల్లో ఉన్నంతసేపూ ఉల్లిగడ్డ.

ఇటుకలు పేర్చినట్టు కణాలు చక్కగా కనబడ్డాయి. అందరూ వరసగా చూసి "సూపర్ మేడం" అన్నారు. హాస్టల్ పిల్ల ఒకతి మాత్రం కన్ను తియ్యలేదు.

"ఇది గోడ గదా మేడం. పొర యాడుంది?"

గోడకు లోపల, దానికి అంటుకుని ఉంటుందమ్మా అన్నాను. "అంటుకోనుంటే కనపడల్ల గదా" అంది. నిజమే. కనపడదు. పొర మందం 7, 8 నానోమీటర్లు. మామూలు వెలుతురుతో పనిచేసే ఏ మైక్రోస్కోపయినా 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు గీతల్ని విడదీసి చూపలేదు. నోటుబుక్కు కాగితం ఒకటి తీసుకుంటే, దాని మందంలో పన్నెండు వేల పొరలు ఒకదానిమీదొకటి పడుకోవచ్చు. బోర్డు మీద ఈ లెక్క వేసి చూపిస్తే అంతా నోరు తెరిచారు. ఆ పిల్ల మొహంలో మాత్రం, అయితే ఉందని ఎట్ల నమ్మాల అన్న ప్రశ్న అట్లనే ఉంది.

థర్మాకోల్ రద్దు. ప్రాజెక్టు అదే: కనబడని పొర అక్కడ ఉందని చూపించడం.

జనవరి 23

దారి తెలుసు. ఉప్పునీళ్లు వేస్తే కణంలోని నీళ్లు బయటికొచ్చేసి, పొర గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. ప్లాస్మాలైసిస్ అంటారు. బీఎస్సీలో చేసిందే. కానీ చేసి ఇరవయ్యేళ్లయింది, ఎక్కడ తప్పుతానో అక్కడే తప్పాను. లోపలి పొర సులువుగా ఊడొస్తుందని మళ్లీ దాన్నే వాడాను. దానికి రంగు లేదు. ఉప్పునీళ్లు వేశాక లోపల ఏదో జరుగుతున్నట్టే ఉంది, ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ తెలియడం లేదు. పిల్లలు మర్యాదకు "ఆ మేడం, కనపడుతోంది" అన్నారు. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినబుద్ధి కాలేదు.

జనవరి 24

రంగున్న వైపు తియ్యాలి. ఎర్ర ఉల్లిగడ్డ రేకకు బయటివైపు, అంటే ఉబ్బెత్తుగా ఉండే వైపు, ఊదా రంగు ఒక్క వరస కణాల్లోనే ఉంటుంది. కణం మధ్యలో నీళ్లతో నిండిన రిక్తిక అనే సంచిలో కరిగి ఉంటుందా రంగు. ఆ వరసను తీయడమే కష్టం, లోపలిదానిలా ఊడిరాదు. కొత్త బ్లేడుతో గోరంత చతురస్రం గాటు పెట్టి, ఒక మూలను పట్టకారుతో పట్టుకుని పడుకోబెట్టినట్టు లాగాలి. నిటారుగా లాగితే కండ కూడా వస్తుంది, మందమై వెలుతురు దూరదు. పదింటిలో మూడు పనికొచ్చాయి. సీ క్యాంపు రైతు బజార్లో గడ్డలు ఏరుతుంటే అమ్మే ఆమె నన్ను వింతగా చూసింది. అందరూ గట్టిగా ఉందా అని నొక్కి చూస్తారు, నేను తొక్క గీకి లోపలి రంగు చూస్తున్నాను మరి.

ఈసారి సాధించాం. కవర్‌స్లిప్పుకు ఒక అంచున ఉప్పునీటి చుక్క, ఎదురు అంచున బ్లాటింగ్ పేపర్ ముక్క. పేపర్ అటు పీలుస్తుంటే ఉప్పునీళ్లు ఇటునుంచి లోపలికి పాకుతాయి. ఫోను కెమెరాను కంటిబిళ్లకు ఆనించి పట్టుకునే పని ఓర్వకల్లు పిల్లాడిది, వాడి చెయ్యి వణకదు.

మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత కణం మూలల్లో తెల్లటి సందు. ఊదారంగు మూలలు వదిలేసి గుండ్రమవుతోంది. పొడుగాటి ఇటుకలో నిండుగా ఉన్న రంగు మెల్లగా దగ్గరికొచ్చి, చిక్కబడి, గోడల మధ్యలో ఒక ఊదా ముద్దగా నిలబడింది. గోడ మాత్రం కదల్లేదు. ముద్ద అంచు కత్తితో గీసినట్టుంది. రంగు ఒక్క చుక్క కూడా ఆ అంచు దాటి బయటికి పాకలేదు.

"పొర ఉండేది ఆ అంచునే" అన్నాను.

హాస్టల్ పిల్ల చాలాసేపు చూసి, "గోడకూ ముద్దకూ మధ్య ఏముంది మేడం? గాలా?" అంది. నేను చెప్పేలోపే ఓర్వకల్లు పిల్లాడు అందుకున్నాడు: "ఉప్పునీళ్లే లేప్పా. యూరియా బస్తా తెలీదా? బయట సంచి, లోపల కవరు. నీళ్లు సంచిలోకి దూరుతాయ్, కవర్లోకి పోవు." ఇరవయ్యేళ్లుగా నేను గోడకూ పొరకూ తేడా చెప్తున్నాను, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. సెల్యులోజు గోడ నేసిన సంచి లాంటిదే. నీళ్లనూ ఉప్పునూ ఆపదు. ఆపేది లోపలి కవరే. బస్తాకూ కణానికీ తేడా ఒక్కటే, ఆ కవరు నీళ్లను పోనిస్తుంది.

మంచినీళ్లు మళ్లీ పోస్తే ముద్ద ఉబ్బి గోడకు తగులుకుంది. ఆ వీడియో స్కూలంతా తిరిగింది.

జనవరి 28

కోడిగుడ్డు కూడా చేశాం, అందరూ చేసేదే కాబట్టి. వెనిగర్‌లో ఒకరోజు ఉంచితే పెంకు కరిగిపోయింది. తూకం 56 గ్రాముల నుంచి 74కి పెరిగింది. చక్కెర పాకంలో వేస్తే మర్నాటికి 47, ఒట్టిపోయిన పొదుగులా ముడతలు. రెండో గుడ్డు స్టాఫ్‌రూం బల్ల మీద పగిలింది, ఆ వాసన గురించి రాయను. ఒక్కటి మాత్రం పిల్లల చేత పుస్తకంలో రాయించాను: గుడ్డు చుట్టూ ఉన్నది కణత్వచం కాదు, ప్రోటీను నారలతో అల్లిన మందపాటి తొడుగు. నీళ్లు దూరడం చూపడానికి పనికొస్తుంది, అంతే. చాలా ప్రదర్శనల్లో దీన్నే 'కణత్వచం' అని అట్ట మీద రాసి పెడతారు.

దానికంటే ఈరోజు తూకాల లెక్క బాగా నడిచింది. ఉప్పుతో ముడుచుకుంటుంది సరే, చక్కెరతో? మూడు గ్రాముల ఉప్పుకు బదులు మూడు గ్రాముల చక్కెర వేశారు. కణం ఉలకలేదు పలకలేదు. ఎందుకంటే నీళ్లు లెక్కపెట్టేది బరువు కాదు, రేణువుల తల లెక్క. చక్కెర అణువు బరువు 342. ఉప్పు 58.5, పైగా నీళ్లలో పడగానే రెండుగా విడిపోతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 2.9 గ్రాముల ఉప్పు ఎంతో, 34 గ్రాముల చక్కెర అంతే. మామిడికాయ ముక్కల్లోంచి నీళ్లు లాగడానికి ఉప్పు దోసెడు చాలు, బెల్లమైతే ఎంతెంత పడుతుందో మాగాయా బెల్లపావకాయా పెట్టే ఇళ్లలో అడిగితే తెలుస్తుంది.

ఈ పని మొదట చేసినవాడు హాలండ్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్. 1880లలో ఆకుపొరలు ఏ ద్రావణంలో సరిగ్గా ఎప్పుడు ముడుచుకోవడం మొదలుపెడతాయో కొలుచుకుంటూ పోయాడు. ఆ కొలతల్నీ, ఫెఫర్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త కొలతల్నీ చూసి వాంట్ హాఫ్ నీళ్లను పొర దాటించే ద్రవాభిసరణ పీడనానికి సూత్రం కట్టాడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనకే. మైక్రోస్కోపు, ఆకుపొర, తక్కెడ. మా దగ్గరున్నవీ అవే అని చెప్తే పిల్లలు కొంచెం నిటారుగా కూర్చున్నారు.

ఫిబ్రవరి 3

పొర ఉంది. దేంతో ఉంది?

పొద్దున్నే హాస్టల్ పిల్ల కొబ్బరినూనె సీసా తెచ్చింది, చలికి గడ్డకట్టి ఉంది. దాని పక్కన వేరుశెనగ నూనె పెట్టాను, అది నీళ్లలా జారుతోంది. రెండూ నూనెలే. కొబ్బరినూనెలో కొవ్వు తోకలు ఎక్కువగా నిటారుగా ఉంటాయి, పక్కపక్కన కట్టెల్లా సర్దుకుని బిగుసుకుపోతాయి. వేరుశెనగ నూనెలో తోకలకు మధ్యలో వంకర, సరిగ్గా సర్దుకోలేవు, అందుకే జారుతూ ఉంటాయి. పొరలోని కొవ్వులూ ఇంతే. చలిదేశాల మొక్కలు చలికాలంలో వంకర తోకల్ని పెంచుకుని పొర గడ్డకట్టకుండా కాపాడుకుంటాయి.

అయితే ఒట్టి నూనె పొర కట్టదు. నూనెకు మూడు తోకలున్నాయిగానీ నీళ్లంటే ఇష్టపడే తల లేదు. పొరలో ఉన్నవి ఫాస్ఫోలిపిడ్లు: రెండు తోకలు, ఫాస్ఫేటున్న తల. తల నీళ్లలో ఉండాలంటుంది, తోకలు నీళ్లు తగలకూడదంటాయి. ఇద్దరి మాటా నెగ్గేది ఒక్క పద్ధతిలోనే, రెండు వరసలు తోకలు ఎదురెదురుగా పెట్టి నిలబడితే. ఎవరూ పేర్చక్కర్లేదు, నీళ్లలో వేస్తే అవే సర్దుకుంటాయి. కోడిగుడ్డు పచ్చసొనలో ఇవి దండిగా ఉంటాయి. నూనె, నీళ్లు సీసాలో గిలక్కొడితే రెండు నిమిషాల్లో విడిపోయాయి, చెంచాడు పచ్చసొన వేసి గిలక్కొడితే గంటయినా విడిపోలేదు.

రెండు వరసలని తేలిన కథ నాకు చాలా ఇష్టం. 1925లో హాలండ్‌లోనే గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి కొవ్వంతా తీసి నీళ్ల మీద ఒకే వరసగా పరిచారు. అది ఆక్రమించిన స్థలం కణాల పైభాగపు వైశాల్యానికి రెట్టింపు వచ్చింది. అంటే పొరలో రెండు వరసలు. తర్వాత తేలిందేమంటే వాళ్లు రెండు తప్పులు చేశారు. అసిటోనుతో కొవ్వు పూర్తిగా రాలేదు, కణం వైశాల్యాన్ని కూడా తక్కువ కట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వచ్చింది. పరీక్షలో ఇట్లాంటి జవాబుకు మార్కులేస్తారా మేడం అని అడిగారు. స్టెప్పులకు వెయ్యనన్నాను.

అదే 1925లో ఫిస్క్‌తో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించాడు. తలలో ఫాస్ఫేటు ఉంది కాబట్టి, పొరలో ఫాస్ఫోలిపిడ్ ఎంతుందో కొలవడానికి ల్యాబుల్లో ఆ పద్ధతినే అటూ ఇటూ మార్చి వాడుతూ వచ్చారు. భీమవరంలో పుట్టినాయన పేరు పొర లెక్కల్లో ఉందని పిల్లలకు తెలియదు, పాఠంలోనూ లేదు.

ఫిబ్రవరి 5, 6

కదిలే మోడల్ ఇదిగో. కూల్‌డ్రింకు స్ట్రాలు రెండు, వాటిలోంచి దూర్చి ముడేసిన దారం, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు. ముంచి తీస్తే చట్రంలో సబ్బుపొర. కర్నూలు ఎండగాలికి మొదటిరోజు ఒక్కటీ మూడు సెకన్లు ఆగలేదు. రెండోరోజు మెడికల్ షాపులో గ్లిజరిన్ తెచ్చి రెండు చెంచాలు కలిపాం, వరండాలో కాకుండా గదిలో కిటికీలు మూసి చేశాం. అప్పుడు అర నిమిషం పైన నిలబడ్డాయి.

పొడివేలితో ముట్టుకుంటే పుటుక్కుమంటుంది. సబ్బునీళ్లలో తడిపిన వేలు మాత్రం నేరుగా దూరిపోయి ఇవతలికొస్తుంది, పొర చెక్కుచెదరదు, వెనకాలే మూసుకుంటుంది. సన్నదారపు ఉంగరం ఒకటి తడిపి పొర మీద వేశాం. అది వంకరటింకరగా పడి, తేలుతూ అటూ ఇటూ పోతోంది. ఉంగరం లోపలి పొరను సూదితో గుచ్చగానే ఉంగరం టక్కున గుండ్రమయింది. ఇప్పుడు పొరలో ఒక ద్వారం ఉంది, దాంట్లోంచి పెన్సిల్ దూర్చొచ్చు, ద్వారం తేలుతూ ఎటైనా పోతుంది. పొరలో ప్రోటీన్ ఇట్లే తేలుతుంది. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ ఒకటిగా కలిపేసి, రెంటి ప్రోటీన్లకూ వేర్వేరు రంగులు తగిలించారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. 40 నిమిషాల్లో రెండూ కలగలిసిపోయాయి. పొర ద్రవంలా కదులుతుందని, అందులో ప్రోటీన్లు తేలుతుంటాయని సింగర్, నికల్సన్ చెప్పిన ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనా వచ్చింది 1972లో.

సబ్బుపొర తిరగేసిన పొర అని చెప్పడం మర్చిపోకూడదు. అక్కడ నీళ్లు మధ్యలో, తోకలు బయట గాలివైపు. కణంలో తోకలు మధ్యలో, నీళ్లు రెండువైపులా. ఇది చెప్పే పని కల్లూరు అమ్మాయిది.

ఫిబ్రవరి 10

ఇది ఓర్వకల్లు పిల్లాడి పుణ్యం. బస్తా పోలిక చెప్పినవాడు కదా, ఇంటినుంచి పొట్లంలో యూరియా పట్టుకొచ్చాడు. "ఉప్పు చూసినం, చక్కెర చూసినం. ఇదేస్తే ఏమైతది?"

నిజానికి ఇదే అసలు ప్రయోగమని నాకు అప్పుడు తట్టింది. యూరియా అణువు చిన్నది. దానికి విద్యుదావేశం లేదు. ఉప్పు అయాన్లలా పొర దగ్గర పూర్తిగా ఆగిపోదు, అట్లని నూనెలో కరిగేవాటిలా దూసుకుపోదు కూడా. మధ్యరకం.

తూకం దగ్గర ఒక చిక్కు. బస్తా మీద 46 శాతం అని ఉంటుంది కాబట్టి సగమే యూరియా, 13 గ్రాములు వెయ్యాలని వాళ్ల లెక్క. అది నైట్రోజన్ శాతం. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ 28. స్వచ్ఛమైన యూరియాలోనే నైట్రోజన్ 46, 47 శాతం ఉంటుంది. కాబట్టి 6 గ్రాములు, 100 మిల్లీలీటర్లలో, మన 2.9 గ్రాముల ఉప్పుకు సాటి. ఎరువుల బస్తా మీది అంకె అర్థం చెప్పడానికి కణశాస్త్రం పాఠం కావలసి వచ్చింది. వేపనూనె పూత వల్ల నీళ్లు మసకగా, చేదు వాసనతో వచ్చాయి, రెండుసార్లు వడకట్టాం.

స్లైడు మీద పెడితే ఆరిపోతుంది. ఆరితే ద్రావణం చిక్కబడి లెక్కంతా తప్పుతుంది. పొద్దున చేసిన మొదటి స్లైడు అట్లే పోయింది. అందుకని మూడు స్టీలు గిన్నెలు, ఉప్పు, చక్కెర, యూరియా. మూడింట్లోనూ ఊదా పొర ముక్కలు, పైన మూతలు. గంటకోసారి ఒక్కో ముక్క తీసి చూడాలి.

పది నిమిషాలకు మూడూ ఒకటే, అన్నీ ముడుచుకున్న ముద్దలు. పిల్లలు నిరాశపడ్డారు. గంట తర్వాతా పెద్ద తేడా లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే యూరియా గిన్నెలో ముద్దల అంచులు లావయ్యాయేమో అన్న అనుమానం. నేనే చూసి నేనే నమ్మలేదు, చూడాలనుకున్నది కనబడుతుందేమోనని. హాస్టల్ పిల్లను పిలిచి, ఏ గిన్నెలోదో చెప్పకుండా మూడు స్లైడ్లు వరసగా పెట్టాను. "రెండోదాంట్లో లావుగున్నయ్" అంది. రెండోది యూరియా.

సాయంత్రం ఆఖరి బెల్లుకు ఉప్పూ చక్కెరా గిన్నెల్లో ముద్దలు ముద్దలుగానే ఉన్నాయి. యూరియాలో మాత్రం పదింట్లో ఆరేడు కణాలు మళ్లీ నిండుగా, మూలలదాకా ఊదాగా. మంచినీళ్లు ఎవరూ పొయ్యలేదు, అదే యూరియా నీళ్లలో ఉండి, వాటంతటవే కోలుకున్నాయి.

జరిగిందేమంటే, మొదట నీళ్లు త్వరత్వరగా బయటికి పోయాయి, కణం ముడుచుకుంది. యూరియా మాత్రం తీరిగ్గా, ఒక్కొక్క అణువుగా పొర దాటి లోపలికి వస్తూనే ఉంది. లోపలా బయటా యూరియా సమానమయ్యేకొద్దీ దాని వెంట నీళ్లూ తిరిగొచ్చాయి. ఉప్పుకూ చక్కెరకూ ఆ దారి లేదు. ఒకే పొర, మూడు పదార్థాలు, రెండు తీర్పులు.

1890లలో జ్యూరిక్‌లో చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ సరిగ్గా ఈ పనే చేశాడు. వేర్ల రోమాల కణాల మీద రకరకాల పదార్థాలు వేసి, ఏవి వేస్తే ముడుచుకుని అట్లే ఉంటుంది, ఏవి వేస్తే కోలుకుంటుంది, ఏవి వేస్తే అసలు ముడుచుకోనే ముడుచుకోదు అని చూస్తూ పోయాడు. నూనెలో ఎంత బాగా కరిగితే అంత వేగంగా లోపలికి పోతోందని గమనించి, పొర నూనె స్వభావం ఉన్నదై ఉండాలన్నాడు. పొరను చూసినవాడెవడూ అప్పటికి లేడు.

ఫిబ్రవరి 14

బీట్‌రూట్. ఒకే కొలత ముక్కలు, బాగా కడిగి, 40, 50, 60, 70 డిగ్రీల నీళ్లలో. యాభై దాకా నీళ్లు తేటగానే ఉన్నాయి, అరవై దగ్గర గులాబీ, డెబ్బై దగ్గర చెప్పక్కర్లేదు. కరోనా రోజుల్లో మిగిలిపోయిన శానిటైజర్‌లో వేసిన ముక్క చల్లగా ఉండి కూడా రంగు కక్కింది. వేడి ప్రోటీన్లను చెడగొడుతుంది, ఆల్కహాల్ కొవ్వు వరసల్ని విడగొడుతుంది. ఏ దారినైనా పొర చిరిగిపోయింది.

ఉల్లిపొర ముక్కనొకదాన్ని వేడినీళ్లలో ముంచి ఉప్పునీళ్లలో వేశాం. ముడుచుకోలేదు. రంగంతా అప్పటికే కారిపోయి, ఒట్టి గోడలు మిగిలాయి.

ఫిబ్రవరి 18

హాస్టల్ పిల్ల రెండ్రోజులు రాలేదు. విరేచనాలు. ఈరోజొచ్చి, ఏఎన్‌ఎం ఇచ్చిన ఓఆర్‌ఎస్ ఖాళీ ప్యాకెట్టు నా ముందు పెట్టింది. "ఉప్పు పోయింది కాబట్టి ఉప్పేసినారు. చక్కెర ఎందుకు మేడం? రుచికా?"

రుచికి కాదు. ప్యాకెట్టు మీద చదివించాను: లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. తల లెక్కకు మారిస్తే సోడియం 75, గ్లూకోజు 75, సరిసమానం. పేగు కణాల పొరలో ఒక ప్రోటీను ద్వారముంది. అది గ్లూకోజును ఒంటరిగా రానివ్వదు, సోడియంతో కలిసొస్తేనే లోపలికి. జంట టికెట్టన్నమాట. ఆ జంట వెనకాల నీళ్లు వస్తాయి. విరేచనాల్లో మిగతా దార్లు చెడినా ఈ ద్వారం చాలామటుకు పనిచేస్తూనే ఉంటుంది. ఇది 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్ దగ్గర, సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు నీళ్లే తాగించి వేలమందిని కాపాడాడు. ఆ పిల్ల ప్యాకెట్టును మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

నీళ్ల ద్వారం సంగతీ అప్పుడే చెప్పాను. నీళ్లు కొవ్వు వరసల్లోంచి కొద్దికొద్దిగా పోగలవు గానీ, రక్తకణంలోనో మూత్రపిండంలోనో ఆ వేగం చాలదు. 1992లో పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల్లో దొరికిన ఒక ప్రోటీన్‌ను కప్ప గుడ్ల చేత తయారు చేయించింది. ఆ గుడ్లు మంచినీళ్లలో ఉబ్బి పగిలిపోయాయి, ప్రోటీన్ లేని గుడ్లు అట్లే ఉన్నాయి. ఆక్వాపోరిన్ అది. ఒక్క ద్వారంలోంచి సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు, ఒకటి వెనకొకటి. 2003 నోబెల్.

ఫిబ్రవరి 21

వరండాలో పొరకు బదులు సున్నపు గీత గీసి సోడియం పొటాషియం పంపు ఆట. పొరలో ఉండే ఒక ప్రోటీనే ఆ పంపు. ఓర్వకల్లు పిల్లాడు పంపు. ముగ్గురు సోడియాల్ని బయటికి నెట్టాలి, ఇద్దరు పొటాషియాల్ని లోపలికి లాగాలి, ఆ ఒక్క విడతకు ఒక చిక్కీ ముక్క కూలి. చిక్కీ అంటే ఏటీపీ, కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు. నెట్టిన సోడియాలు సందు చూసుకుని గీత దాటి మళ్లీ లోపలికే వస్తుంటాయి, అదే ఆట. ఎనిమిది విడతలకు చిక్కీలు అయిపోయాయి. పంపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, రెండు నిమిషాల్లో లోపలంతా సోడియమే. విశ్రాంతిగా పడుకున్నప్పుడు కూడా మన ఒంటి ఖర్చులో ఐదో వంతు దాకా ఈ పంపుకే పోతుందంటే, అన్నం తిన్న గంటకే ఆకలి ఎందుకేస్తుందో తెలిసిందన్నాడు పంపు. దీన్ని పీతల నరాల్లో కనిపెట్టిన యెన్స్ స్కౌకు 1957లో చేసిన పనికి 1997లో నోబెల్ వచ్చింది. నలభై ఏళ్లు.

ఫిబ్రవరి 28

బల్ల మీద మూడు గిన్నెలు, మైక్రోస్కోపు, సబ్బునీళ్ల పళ్లెం, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. యూరియా గిన్నెను తెల్లవారుజామునే మొదలుపెట్టాం, న్యాయనిర్ణేతలు వచ్చే వేళకు కోలుకోవాలి కదా. వాళ్లలో ఒకాయన వచ్చీ రాగానే "మోడల్ ఏదమ్మా?" అన్నాడు. కల్లూరు అమ్మాయి తడివేలు సబ్బుపొరలోంచి దూర్చి చూపించింది. ఆయన నవ్వి వెళ్లిపోబోయాడు. రెండో ఆమె మాత్రం కూర్చుని మైక్రోస్కోపులో మూడు స్లైడ్లూ చూసింది, యూరియా దగ్గర ఆగి "ఇదెట్లా లేచింది?" అని అడిగింది. ఓర్వకల్లు పిల్లాడు బస్తా దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. మొదటి బహుమతి డ్రిప్ ఇరిగేషన్‌కు వచ్చింది. మాకేమీ రాలేదు. పిల్లలు ఒక పూట అలిగారు.

మార్చి 3

గిన్నెలు కడగడానికి ల్యాబుకు పోతే ఉప్పు గిన్నె ఖాళీగా ఉంది. హాస్టల్ పిల్ల మూడు రోజులు ఉప్పులో నానిన ముక్కల్ని మంచినీళ్లలోకి మార్చి, ఎవరికీ చెప్పకుండా మైక్రోస్కోపు ముందు కూర్చునుంది. కొన్ని ముద్దలు ఉబ్బి గోడదాకా వచ్చాయట. కొన్ని ఉబ్బుతూ ఉబ్బుతూ రంగు వదిలేశాయట. "నలభై లెక్కబెట్టినా మేడం" అని నోటుబుక్కు తిప్పి చూపించింది. రెండు గళ్లు గీసుకుంది. ఒకదాని మీద 'పొర ఉన్నవి: 11', రెండోదాని మీద 'పొర పోయినవి: 29'.